కుర్చీ మోసినవాడి బక్షీసు

హజ్ చేసి వచ్చిన మనిషి ఊళ్ళో దిగితే మెడలో దండ పడాలి, వచ్చినవాళ్ళంతా చేతులు కళ్ళకద్దుకోవాలి, వాకిట్లో పొయ్యి మీద డేగిశా ఎక్కాలి. షాజాదమ్మ విషయంలో ఇవేవీ జరగలేదన్న సంగతి పోయినవారం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బస్సు దిగీ దిగకముందే దండ పట్టుకుని ఎదురొచ్చిన ఊరి పెద్దల్ని "ఆగండాగండి, నన్ను హజ్జమ్మా అని పిలవడానికి ఇంకా టైముంది" అని వెనక్కి పంపేసింది మహాతల్లి. దండ తెచ్చినవాళ్ళు దాన్ని ఏం చేయాలో తోచక బస్సు డ్రైవరు మెడలో వేశారు.

కారణం మనకు తెలుసు. మోకాళ్ళు రెండూ మొరాయించిన షాజాదమ్మను బొంబాయిలో ఓడ ఎక్కింది మొదలు చక్రాల కుర్చీలో తిప్పినవాడు హయాత్. సింగరాయకొండ దగ్గరి సముద్రపు ఒడ్డు ఊరివాడు, ఓడలో ఇలా నడవలేనివాళ్ళని మోసే పని. తెలుగు మాట వినపడగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది, అతనికీ అంతే. పెద్దమ్మా అని ఒకరు, నాయనా అని ఒకరు. అలాంటివాడు, సగం సముద్రం దాటాక ఆమె ప్రేమగా బక్షీసు చేతిలో పెట్టిన మర్నాడు రాలేదు. కొత్తవాడెవడో వచ్చాడు, ముందొకరు వెనకొకరు పట్టి మెట్లు దించేటప్పుడు కుర్చీ జారింది, ఆమె భుజం వాచింది. ఆ నొప్పిలో, ఆ కోపంలో ఓడ ఆఫీసరును పిలిపించి, హయాత్ డబ్బు తీసుకుని తనను గాలికి వదిలేశాడని చెప్పింది. ఆఫీసరు హయాత్‌ను కుర్చీ పనినుంచి తీసేశాడు. ఓడ తిరిగి బొంబాయి చేరేసరికి ఓడలోంచే దింపేశారని ఆమెకి తెలిసింది.

అప్పట్నుంచీ ఆమెకి అన్నం సహించలేదు. హజ్‌కి బయల్దేరే ముందు ఊళ్ళో గడప గడపా తిరిగి, "నా వల్ల ఏమైనా పొరపాటు జరిగి ఉంటే మాఫ్ చెయ్యండి" అని అడిగి మరీ వెళ్ళిన మనిషి. అంత చేసి వెళ్ళి, దారిలో ఒకడి పొట్టమీద కొట్టి వచ్చింది. తప్పు చేసింది అతనే, కాదనలేదు. కానీ చేసిన తప్పుకీ పడిన శిక్షకీ పొంతన లేదు. అతని నోటితో మాఫీ అనిపించుకోకపోతే తన హజ్ దేవుడి దగ్గరికి చేరదని ఆమె భయం. తమ్ముడు బుడాన్‌ను సింగరాయకొండ పంపి వెతికించింది. ఇవాళ హయాత్ పొద్దుటి బస్సుకి చిలకలూరిపేటలో దిగి, డొంకదారిన నడిచి, ఆమె కల్లం దగ్గరికి వచ్చాడు.

కల్లమంతా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆడకూలీలు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. మధ్యమధ్యలో ఒకరు తుమ్మితే నలుగురు తుమ్ముతున్నారు. పాక నీడలో షాజాదమ్మ తన కుర్చీలో కూర్చుని ఉంది. ఇది చక్రాల కుర్చీ కాదు. ఇంట్లో ఉన్న పాత చేతుల కుర్చీకి వడ్రంగి యలమందయ్య రెండు వెదురు బొంగులు బిగించి పెట్టాడు. ముందొకరు వెనకొకరు పట్టుకుంటే ఆమె ఇంటినుంచి కల్లానికీ, కల్లంనుంచి ఇంటికీ వస్తుంది, పోతుంది.

"అమ్మా, అతనొచ్చాడు" అన్నాడు కొడుకు మీరా హుస్సేన్, గోనె సంచుల దగ్గర్నుంచి. హజ్‌కి ఆమె వెంట తోడు వెళ్ళింది ఈ కొడుకే. "ఎండెక్కకముందే ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపించేద్దాం. మధ్యాహ్నం బస్సుంది."

"నీకెందుకురా అంత తొందర? రానీ ముందు."

హయాత్ పాక బయటే ఆగిపోయాడు. ఓడలో తెల్ల యూనిఫారంలో చూసిన మనిషి, ఇప్పుడు లుంగీ, మాసిన చొక్కా. ముప్పై అయిదేళ్ళవాడికి అప్పుడే గడ్డంలో తెలుపు కనిపిస్తోంది.

"సలామండీ అమ్మగారూ" అన్నాడు.

అమ్మగారూ! పెద్దమ్మా అని పిలిచిన నోరు. ఆ ఒక్క మాటతో షాజాదమ్మ మొహం వాడిపోయింది. చెబుదామని వారం రోజులుగా మనసులో పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి.

"కూర్చో నాయనా."

"పర్లేదండి, నిలబడతాను."

"ఉద్యోగం పోయిందటగా."

"పోయిందండి."

"నా వల్లే కదూ?"

"మీరు చెప్పారు, వాళ్ళు దింపారు. ఇందులో నేననేదేముందండి."

పోనీ తిట్టినా బాగుండేది. అంత మర్యాదగా మాట్లాడేసరికి ఆమెకి ఒళ్ళు మండింది. క్షమించమని అడగడానికి పిలిపించిన మనిషిని పట్టుకుని తిట్టడం ఆమెకే చెల్లింది. "చెప్పానే అనుకో, ఊరికే చెప్పానా? కన్నకొడుకులా చూసుకున్నానే నిన్ను! బక్షీసు చేతిలో పడగానే మొహం చాటేస్తావా? భాష రానివాణ్ణి నా నెత్తిన పడేసి పోతావా? నీకు చెయ్యాలని లేకపోతే నోటితో చెప్పొచ్చుగా, పెద్దమ్మా నావల్ల కాదని!"

హయాత్ తల ఎత్తాడు. ఇందాకటి మర్యాద మాయమైంది.

"నేను మొహం చాటేశానా? పొమ్మన్నది మీరు కదండీ!"

"నేనా?"

"మీరే. అందరి ముందూ."

"ఒరేయ్, దేవుడి ఇంటికెళ్ళి వచ్చినదాన్ని, నా ముందు అబద్ధమాడకు! నేనెప్పుడు పొమ్మన్నాను?"

మీరా హుస్సేన్ గబగబా వచ్చి ఇద్దరి మధ్యలో నిలబడ్డాడు. "ఎందుకమ్మా ఇప్పుడు పాత గొడవలు? జరిగిందేదో జరిగిపోయింది. ఇదిగో హయాత్, ఇది ఉంచు, బస్సుకి టైమవుతోంది." జేబులోంచి నోట్లు తీసి అతని చేతిలో పెట్టబోయాడు.

హయాత్ నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మళ్ళీనా?" అన్నాడు.

ఆ 'మళ్ళీనా' ఏమిటో షాజాదమ్మకి అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోపు కల్లం అవతలి పక్క ఇంకో గొడవ మొదలైంది.

కోడలు ఫాతిమా అన్నం గంపతో అప్పుడే వచ్చింది. పెళ్ళయి ఏడాది కాలేదు. గుంటూరులో పుట్టి పెరిగిన పిల్ల, కల్లం పద్ధతులు ఇంకా ఒంటబట్టలేదు. కూలీల్లో కోటిరత్నం పొద్దున్నే ఇంటికొచ్చి, బిడ్డకి జ్వరంగా ఉంది, మందుకి కాస్త డబ్బు కావాలని అడిగింది. సరే పట్టుకొస్తాలే అన్న పిల్ల, తెచ్చిన డబ్బు కల్లంలోనే, అందరూ చూస్తుండగా, కోటిరత్నం చేతిలో పెట్టేసింది.

కోటిరత్నం చేతిలో చాట కింద పడింది. చుట్టూ ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"నేనేం తప్పు చేశానమ్మా?" అంది కోటిరత్నం. అనేలోపే కళ్ళనిండా నీళ్ళు. "తాలు సరిగ్గా ఏరలేదా? నిన్న పొద్దెక్కి వచ్చాననా? ఇంకా రెండు కోతలుండంగా నన్ను మాన్పిస్తే యాడికి పోయేది నేను?"

ఫాతిమా బిత్తరపోయింది. "అదేంటి, అడిగావుగా!"

"అడిగానమ్మా, అడిగాను. ఇట్టా ఇమ్మన్నానా?"

ఆ నేల మీద మిరపకోత కూలి ఆఖరి కోత అయ్యాకే ఇస్తారు. మధ్యలో కల్లంలో చేతికి డబ్బిచ్చారంటే, నీ లెక్క తీర్చేశాం, రేపట్నుంచి రావద్దని. నోటితో చెప్పక్కర్లేదు. మధ్యలో అవసరమొస్తే రైతు భార్య ఇంటి దగ్గర, చేబదులని పేరు పెట్టి, చాటలో బియ్యంతో కలిపి ఇస్తుంది. అది వేరు. కల్లంలో ఇవ్వడం వేరు. ఎంత మంచి మాటతో ఇచ్చినా దానికి ఒకటే అర్థం.

"ఓసి పిచ్చిదానా!" అని కుర్చీలోంచే కేకేసింది షాజాదమ్మ. "అది కూలి కాదే, చేబదులు! టౌను పిల్ల, దానికేం తెలుసు. నడిమధ్యలో చేతిలో పెడితే మాన్పించినట్టని దానికెవరు చెప్పారు? నిన్ను నేను మాన్పిస్తానా? పద, పొద్దుగూకేదాకా ఉండి..."

అక్కడ ఆమె మాట ఆగిపోయింది.

నడిమధ్యలో చేతిలో పెడితే. తన నోటి మాట తన చెవినే పడింది. మెల్లగా తల తిప్పి హయాత్ వంక చూసింది. అతను ఆమె వంక చూడటం లేదు, ఎర్రటి కాయల వంక చూస్తున్నాడు.

"హయాత్" అంది. "ఆ రోజు నీకు నేను... నువ్వు అదే అనుకున్నావా నాయనా?"

అతను వంగి, కాళ్ళ దగ్గర పడి ఉన్న కాయొకటి తీసి ఆరబోసిన వాటిలోకి విసిరాడు.

"ఇంకేమనుకుంటానండీ" అన్నాడు. "అదే ఓడలో ఎంతమందిచ్చారు నాకు! బొంబాయివాళ్ళు, మలబారువాళ్ళు. పొద్దునొకరిస్తారు, రాత్రొకరిస్తారు. సలాం కొట్టి జేబులో వేసుకుంటాను. వాళ్ళిస్తే బక్షీసు. మీరట్టా కాదు. మీరు మా వైపువాళ్ళు, మిరపకల్లం ఉన్నవాళ్ళు. డెక్కు మీద అందరి ముందూ మూట నా చేతిలో పెట్టి ఏమన్నారో గుర్తుందా? 'ఇన్నాళ్ళూ మోశావు, తీసుకో నాయనా' అన్నారు. మా అమ్మకి కూడా ఆ మాటే అన్నారు."

"మీ అమ్మకా?"

"ఈ వైపు కోతలకే వచ్చేదండి మా అమ్మ. నన్ను చంకనేసుకుని సింగరాయకొండనుంచి. ఒక ఏడు నడి కోతల్లో రైతొకాయన కొంగులో డబ్బు పోసి, ఇన్నాళ్ళూ చేశావు తీసుకోమ్మా అన్నాడు. ఏం తప్పు చేశానో చెప్పండయ్యా అని అడిగింది. ఆయన చెప్పలేదు. దారి పొడుగునా ఏడ్చింది. మీరూ చెప్పలేదు. అందుకే పక్కకి తప్పుకున్నాను." "పోయింది ఎక్కడికనుకున్నారు? ఆ పొద్దున పై మెట్టు మీదే నిలబడి ఉన్నాను. ఒక్కసారి పిలుస్తారేమోనని. కుర్చీ జారడం కళ్ళారా చూశాను. పరుగెత్తుకొస్తే, నా మొహం చూడగానే పోరా అన్నారు."

మీరా హుస్సేన్ ఎత్తబోయిన సంచి చేతిలోంచి జారి కాయలు కిందపడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు.

షాజాదమ్మ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. "నా ఖర్మ కాకపోతే!" అంది. "నాకై నాకు తోచి ఇచ్చానా? పక్క బెర్తు నసీమున్నీసా బేగం నా చెవిలో ఒకటే పోరు. ఇక్కడ సగం దారిలో ఒకసారి ఇవ్వాలి, మీరింకా ఏమీ ఇవ్వలేదని ఓడంతా అనుకుంటున్నారు అని. సిగ్గేసింది నాకు. ఇంత మోయించుకుని పిసినారిదాన్ననిపించుకోనా అని కొంగు ముడి విప్పి, ఉన్నదంతా మూటగట్టి ఇచ్చాను. ఓడ కదా, ఓడ పద్ధతి అనుకున్నాను. ఇచ్చేది మన కల్లం తెలిసినవాడికని నాకు తట్టనే లేదురా!"

"అంటే నన్ను పొమ్మనలేదా?"

"పొమ్మనడానికా ఇన్నాళ్ళు ఏడ్చింది? నువ్వు రాలేదనే కదరా నా కోపమంతా!"

హయాత్ పాక గుంజ పట్టుకుని కింద కూర్చున్నాడు. ఒక నవ్వు వచ్చింది అతనికి, మధ్యలో ఏడుపైంది, మళ్ళీ నవ్వైంది. షాజాదమ్మ సంగతి చెప్పక్కర్లేదు. ముక్కు చీదుతూ నవ్వుతోంది.

"నడిమజ్జన చేతిలో పెడితే ఎవురైనా అదే అనుకుంటారు గదమ్మా" అంది కోటిరత్నం, తన కళ్ళు తుడుచుకుంటూనే. "ఆయన తప్పేం లేదు. ఓడైతే ఏంది, కల్లమైతే ఏంది." ఆ మాటకి కూలీలంతా ఘొల్లుమన్నారు. నవ్వుతో పాటు తుమ్ములు.

"మాఫ్ చెయ్యరా హయాత్" అంది షాజాదమ్మ, చేతులు జోడించి. "తెలియక ఇచ్చాను, తెలియక తిట్టాను, తెలియక నీ పని పోగొట్టాను. నువ్వు కాదంటే నా హజ్ హజ్ కాదు."

అతను కంగారుగా లేచి ఆ రెండు చేతులూ పట్టుకుని విడదీశాడు. "ఏంది పెద్దమ్మా ఇది! మాఫ్ చేశాను. ఎప్పుడో చేశాను. నువ్వు నన్ను వద్దనుకోలేదు, నాకది చాలు."

పెద్దమ్మా అన్నాడు. నువ్వు అన్నాడు. షాజాదమ్మకి భుజాల మీదినుంచి ధాన్యం బస్తా దింపినంత తేలికైంది. చుట్టూ చూస్తే కల్లం ఎంత ఎర్రగా ఉందో ఇప్పుడే కనపడినట్టుంది. ఊరికి వచ్చిన ఇన్నాళ్ళకి మొదటిసారి ఆమెకి ఆకలేసింది.

హయాత్ సంచిలోంచి ఒక చేతిరుమాలు మూట తీశాడు. ఆమె వేసిన ముడి వేసినట్టే ఉంది. "ఇది విప్పలేదు పెద్దమ్మా. విప్పబుద్ధి కాలేదు. ఇప్పుడు బక్షీసని చెప్పి నీ చేత్తో మళ్ళీ ఇవ్వు, సంతోషంగా తీసుకుంటాను."

షాజాదమ్మ మూట అందుకుంది. ఇవ్వబోయి ఆగింది. గబుక్కున దాన్ని తన కొంగున కట్టేసుకుంది.

"ఇవ్వను పో! ఇస్తే వెళ్ళిపోతావు. నీ పని ఇంకా అయిపోలేదు. నన్ను బొంబాయి తీసుకెళ్ళాలి. ఆ ఆఫీసరుకి చెప్పిన నోరు నాదే, తప్పు చెప్పానని ఒప్పుకునే నోరూ నాదే. నీ పని నీకు ఇప్పించి, అప్పుడు ఇస్తాను, ఆఖరి కోత అయ్యాక."

"బొంబాయికా? మళ్ళీ నేనే మోయాలా?" అని నవ్వాడు హయాత్.

"ఇప్పట్నుంచే మొదలుపెట్టు. ఇంటికి పద. ఫాతిమా, నువ్వు ముందెళ్ళి పొయ్యి రాజెయ్యి. దండ తెచ్చినవాళ్ళకి కబురు పెట్టు, సాయంత్రం రమ్మను. ఈసారి వద్దననులే."

హయాత్ ముందు బొంగులు పట్టుకున్నాడు. వెనక పట్టేవాడి కోసం షాజాదమ్మ చుట్టూ చూసింది. మగకూలీలు చేనిలో ఉన్నారు. "మీరా, నువ్వు పట్టుకోరా."

"నేనా? ఆగమ్మా, చేనిలోంచి ఎవరినైనా పిలుస్తాను."

"కన్నతల్లిని నాలుగడుగులు మొయ్యలేవా? పట్టు!"

మీరా హుస్సేన్ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. కుర్చీ లేచింది. హయాత్ నడక ఆమెకి బాగా గుర్తు. అదే నిదానం, అదే తూకం. కల్లం దాటి డొంకలోకి దిగే గట్టు దగ్గర అతను తల కొంచెం తిప్పి, ఓడ మెట్ల దగ్గర అన్నట్టే, "దిగుతున్నాం పెద్దమ్మా, గట్టిగా పట్టుకో" అన్నాడు.

ఆమెకి ఎంత సంతోషంగా ఉందంటే, లోకంలో ఎవరి మీదా కోపం మిగల్లేదు.

"ఇవాళ అందరికీ మాఫీయే రా" అంది. "నసీమున్నీసాకి మాఫీ. ముందు పట్టిన ఆ కొత్తవాడికీ మాఫీ, పాపం వాడు పట్టు విడవలేదు, నేను చూస్తూనే ఉన్నాను. వెనక పట్టి వదిలేశాడే, వాడిదీ తప్పు. నా వీపు వెనకున్నాడు, వాడి మొహమైనా చూడలేదు నేను. మా మీరా ఉంటే పట్టుకునేవాడే, వీడేమో నమాజుకని పై డెక్కు మీద ఉండిపోయాడు. సరేలే, ఆ వెనకవాడెవడో వాణ్ణి కూడా మాఫ్ చేశాను, పో!"

హయాత్ నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. గట్టు మధ్యలో అతని అడుగు ఆగిపోయింది.

"అవును, నువ్వు పై మెట్టు మీంచి చూశానన్నావుగా. ఎవడురా వాడు?"

"ఇప్పుడెందుకులే పెద్దమ్మా" అన్నాడు హయాత్, వెనక్కి తిరక్కుండానే. "మాఫ్ చేశానన్నావుగా. ఎండగా ఉంది, ఇంటికి పోదాం."

ముందు బొంగులు నిలకడగా ఉన్నాయి. వెనకవి వణుకుతున్నాయి. ఆ వణుకు బొంగుల వెంట కుర్చీలోకి వచ్చి, చేతులు ఆనించిన చోట షాజాదమ్మకి తెలుస్తోంది. వెనకనుంచి ఊపిరి బలంగా వినిపిస్తోంది. కల్లం దాటేపాటి నడకకి మనిషికి అంత ఆయాసం రాదు.

ఆమె తల తిప్పలేదు. కొంగున ఉన్న మూటను గట్టిగా పట్టుకుంది.

"కుర్చీ దించండి" అంది.

దించారు.

"మీరా, ఇట్టా ముందుకు రా. నీ మొహం చూడనీ."